మాలక్ష్మికి కవచం

ఫిబ్రవరి 9, 1954, మంగళవారం. వజ్రపుకొత్తూరు.

ఈ రోజు భావనపాడు రేవు దగ్గర నా జీపు మాలక్ష్మికి దెబ్బ తగిలింది. తప్పు నాది కాదు. తెప్ప దుంగ ఒకటి ఇసుకలో సగం పూడుకుని ఉంది. అది నా కంట పడకపోవడం దాని తప్పు. యుద్ధంలో బర్మా రోడ్డు మీద కొండ అంచున దీపాల్లేకుండా లారీ తోలినవాణ్ని, చివరికి ఒక దుంగ చేతికి చిక్కాను.

పోతురాజు పక్కనే ఉన్నాడు. వేట ఉన్న రోజుల్లో సముద్రం మీద, వేట లేని రోజుల్లో నా జీపులో క్లీనరు. "ఆ దుంగ మా తాత కాలం నుంచీ అక్కడే ఉన్నాది బాబూ" అన్నాడు. వీడు నా మనిషో దుంగ మనిషో అర్థం కాలేదు.

ఇంజనుకి ఏమీ కాలేదు. పోయింది పొగగొట్టం మీది రేకు కవరు ఒక్కటే. ఇది పటాలం పాత బండి, ఏర్లు దాటేటప్పుడు లోపలికి నీళ్లు పోకుండా ఈ గొట్టాన్ని అక్కడే పక్క సీటు మెట్టు దగ్గర నుంచి పైకి తిప్పారు. ఎక్కేవాళ్ల కాళ్లు కాలకుండా దానికి ఇనుప రేకు తొడిగారు. దుంగ ఆ రేకుని అప్పడంలా నలిపి, బోల్టులతో సహా పీకేసింది. పోనీలే, రేకే కదా.

ఫిబ్రవరి 10, బుధవారం.

పలాస స్టేషనుకి రెండు ట్రిప్పులు. ఎవరికీ ఏమీ కాలేదు. కవరు లేకపోతే కొంపలేం మునగవు.

ఫిబ్రవరి 14, ఆదివారం.

మునిగింది.

పలాస వెళ్దామని మా ఆవిడ సత్యవేణి పొద్దున్నే తయారైంది. ఇంజను ఆడుతోంది, నేను స్టీరింగు ముందు కూర్చుని మీసం చూసుకుంటున్నాను. మెట్టు మీద కాలు పెట్టగానే చీర కుచ్చెళ్లు గొట్టానికి అంటుకున్నాయి. కమురు వాసన వచ్చింది. ఉలిక్కిపడి కాలు లాక్కోబోతే పిక్క కాలింది, పట్టు తప్పి వెనక్కి పడిపోయింది. కింద పోతురాజు లేకపోతే ఏమయ్యేదో రాయలేను. వాడు రెండు చేతులతో పట్టుకుని, "తల్లీ, ఏటీ కానేదు, ఏటీ కానేదు" అంటూ నెమ్మదిగా కింద కూర్చోబెట్టాడు.

పిక్క మీద పెద్ద బొబ్బ. కడుపులో బిడ్డకి ఏమీ కాలేదని మంత్రసాని వచ్చి చూసి చెప్పింది. ఇది ఆరో నెల.

సత్యవేణి ఏడవలేదు, అరవలేదు. మంచం మీద కూర్చుని, "నొప్పులొచ్చినా సరే, ఇంక ఆ బండెక్కను. సోములు బండిలో వెళ్తాను" అంది.

సోములిది ఎడ్లబండి. మూడేళ్ల కిందట మొదటి పురిటికి టెక్కలి తీసుకెళ్లింది ఆ బండిలోనే. నొప్పులు ముందుగా వచ్చాయి. బెండి దాటాక జీడితోటల మధ్య ఇసుకలో చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. ఎడ్లని విప్పి, మనుషుల్ని పిలిచి, లాగి, టెక్కలి చేరేసరికి బిడ్డ దక్కలేదు. సోములు తప్పేమీ లేదు. ఎడ్ల తప్పూ లేదు.

ఆ తర్వాత ఆర్నెల్లకి విశాఖపట్నంలో పటాలం పాత సామాన్ల వేలంలో ఈ జీపు కొన్నాను. పలాస జీడిపప్పు వ్యాపారులకి, తీరం మీది ఊళ్లకి మధ్య బండి అవసరం బాగా ఉంది. అందుకే కొన్నాను. వ్యాపారం కోసం.

ఇప్పుడు టెక్కలిలో ముందుగా వెళ్లి ఉండటానికి ఇల్లు లేదు. మా అత్తగారు పోయారు, బావమరిది ఉద్యోగం రాయగడలో. నొప్పులు వచ్చాకే ఆసుపత్రికి బయల్దేరాలి. మే నెలలోగా ఆ కవరు కావాలి.

ఫిబ్రవరి 16, మంగళవారం.

సత్యవేణి నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది. "అత్తయ్యా, చారు కావాలేమో అడగండి" అంటుంది. అమ్మ నన్నడుగుతుంది. నేను అమ్మకి చెబుతాను. ముగ్గురం ఒకే వంటింట్లో ఉన్నాం.

ఫిబ్రవరి 22, సోమవారం.

పలాసలో జీడిపప్పు డబ్బాలకి మాట్లు వేసే ఢిల్లీరావు దగ్గరికి వెళ్లాను. కొత్త డబ్బా ఒకటి విప్పి రేకు కోశాడు, గుండ్రంగా వంచాడు, అంచులు కలిపి మాటు వేశాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. "బావా, నా మాటులోంచి గాలి కూడా దూరదు. ఈ డబ్బాలు దొరల సీమకెల్తన్నాయి, ఏటనుకున్నావు" అన్నాడు.

నిజమే, గాలి దూరలేదు. కాశీబుగ్గ దాటేసరికి గొట్టం వేడెక్కింది, మాటు కరిగి బొట్లు బొట్లుగా కారింది. రేకు ఊడి చక్రం కిందికి పోయి ఢామ్మని పేలినంత చప్పుడైంది. వెనక కూర్చున్న కిరాణా కొట్టు శెట్టిగారు "బాంబు!" అంటూ గొడుగుతో సహా దూకేశారు. యుద్ధం అయిపోయి ఎన్నాళ్లయిందో ఆయనకెవరైనా చెప్పాలి.

పప్పు డబ్బా మాటు నిప్పుకి ఆగదని నాకు తెలియదా? తెలుసు. తెలిసే వేయించాను. మే నెల అట్టే దూరం లేదు.

ఫిబ్రవరి 27, శనివారం.

గోనెసంచి తడిపి గొట్టానికి చుట్టాను. అది ఎంతసేపట్లో ఆరిందో, ఎంతసేపట్లో అంటుకుందో, దారిలో ఎవరెవరు నీళ్ల కుండలతో పరుగెత్తుకొచ్చారో రాయను.

మార్చి 6, శనివారం.

మాట్లు లాభం లేదు. దళసరి రేకుని ఒకే ముక్కగా సుత్తితో కొట్టి వంచి, చెవులు తీసి, రివిట్లతో బిగించాలి. ఆ పని తెలిసినవాడు టెక్కలిలో కంచరి అప్పన్న. ఇనుప రేకు దొరక్కపోతే ఇత్తడైనా మంచిదే.

నాకు ఈ వారమంతా పెళ్లివారి బాడుగలు. పోతురాజు ఎండుచేపలు అమ్ముకోడానికి టెక్కలి సంతకి వెళ్తున్నాడు. వాడితో కబురు పంపాను. కవరు అంటే అప్పన్న పుస్తకానికి వేసే అట్ట అనుకుంటాడు. రేకు అంటే ఇంటి కప్పు అనుకుంటాడు. బాగా ఆలోచించి మంచి తెలుగు మాట చెప్పాను.

"మాలక్ష్మికి కవచం కావాలని చెప్పు. సగం గుండ్రంగా ఉండాలి. వేడికి తట్టుకోవాలి, పొగకి పాడవకూడదు. గాలి ఆడటానికి కన్నాలుండాలి. పని నమ్మకంగా చెయ్యమను."

కొలతకి కొబ్బరి ఈనె తుంపి ఇచ్చాను. పోతురాజు రెండుసార్లు అప్పజెప్పాడు. ఒక్క ముక్క తప్పలేదు.

మార్చి 10, బుధవారం.

పొద్దున్న సోములు వచ్చి బండి మా ఇంటి ముందు నిలబెట్టాడు. కొత్త ఇరుసు వేయించాడట. సత్యవేణి గుమ్మంలో నిలబడి చూసింది. లోపల పరవడానికి మెత్తటి వరిగడ్డి తెస్తానని వాడు చెబుతుంటే తల ఊపింది.

సోములు వెళ్లిపోయాక నేను జీపు కింద దూరి పడుకున్నాను. బాగుచేయడానికేమీ లేదు. ఊరికే పడుకున్నాను. ఆ ఇసుకలోకి మళ్లీ ఎడ్లబండిలో వెళ్లడం నా వల్ల కాదు.

మార్చి 19, శుక్రవారం.

ఈ రోజు సంగతి వివరంగా రాయాలి.

పొద్దెక్కేసరికి పోతురాజు ముందు, అప్పన్న వెనక మా వాకిట్లోకి వచ్చారు. అప్పన్న తలంటుకుని ఉన్నాడు, ఉతికిన పంచె కట్టాడు, పసుపు గుడ్డలో చుట్టినదేదో నెత్తి మీద పట్టుకున్నాడు. ఒక రేకుకి ఇంత మర్యాద ఏమిటా అనుకున్నాను. అమ్మ ఆ పసుపు గుడ్డ చూడగానే చెంబుతో నీళ్లు తెచ్చి అతని కాళ్ల మీద పోసింది.

అప్పన్న గుడ్డ విప్పాడు.

ఇత్తడి ధగధగలాడుతోంది. కొలత కొబ్బరి ఈనెకి సరిగ్గా సరిపోయింది. సగం గుండ్రం, చెవులు, కన్నాలు, అన్నీ ఉన్నాయి. కన్నాలు తామర రేకుల్లా చుట్టూ వచ్చాయి. వాటి మధ్యలో నిండు బుగ్గలు, సన్నటి పెదవులు, ముక్కుకి బులాకీ, నెత్తిన కిరీటం. సాక్షాత్తూ మహాలక్ష్మి మా వాకిట్లోకి వచ్చింది.

"గుడెక్కడున్నాది బాబూ?" అన్నాడు అప్పన్న.

నేను జీపు వైపు చెయ్యి చూపించాను.

"అది కాదు బాబూ, మాలచ్చమ్మోరు."

నేను మళ్లీ జీపే చూపించాను.

అప్పన్న జీపుని చూశాడు, నన్ను చూశాడు, పోతురాజుని చూశాడు. "ఓలమ్మో! మాలచ్చిమికి కవసం అన్నారు గదా? ఏడి తగుల్తాదంటే ఆరతేమో అనుకున్నాను. పొగంటే సాంబ్రాణేమో అనుకున్నాను. నాను ఒంటిపూట తిని సేసినాను బాబూ!"

"నానొక్క ముక్క మార్సనేదు. బాబు సెప్పింది సెప్పినట్టే సెప్పినాను" అన్నాడు పోతురాజు.

వాడు చెప్పింది నిజం. అది తలుచుకోగానే నాకు నవ్వు ఆగలేదు. మడ్‌గార్డు పట్టుకుని నవ్వాను. అప్పన్న కాసేపు బిక్కమొహం వేసుకుని చూసి, తనూ మొదలెట్టాడు. పోతురాజు ఇసుకలో చతికిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

తలుపు వెనక నుంచి కూడా నవ్వు వినిపించింది. గాజుల చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వే నవ్వు. ఆ చప్పుడు విని ఎన్ని రోజులైందో.

అమ్మ ఒక్కతే నవ్వలేదు.

మార్చి 20, శనివారం.

మా అమ్మ కామాక్షమ్మ అర్చకుల ఇంటి ఆడపడుచు. ఆమెతో వాదించి గెలిచినవాళ్లు మా వంశంలో లేరు.

"అమ్మవారిని తీసుకెళ్లి జనం కాళ్ల దగ్గర కడతావురా త్రినాథా?"

"మొహం లోపలి వైపుకి తిప్పి కడతానమ్మా. ఎవరికీ కనపడదు."

"పొగ పీల్చమంటావా తల్లిని?"

"పోనీ, సుత్తితో కొట్టి చదును చేయిస్తాను."

ఆ మాట అన్నాక కాసేపు నేను ఇంట్లోంచి బయటికి పోవాల్సి వచ్చింది. అప్పన్న కూడా సుత్తి ముట్టనన్నాడు. "నా సేత్తో ఎత్తిన బుగ్గ నానే అణసలేను బాబూ" అన్నాడు పాపం.

కవచం ఇప్పుడు దేవుడి గదిలో ఉంది, దాని ముందు మందారం ఉంది. గొట్టం బోసిగానే ఉంది. సోములు వరిగడ్డి తెచ్చి మా పెరట్లో కట్ట కట్టి పెట్టాడు.

మార్చి 23, మంగళవారం.

"ఏవండీ."

ఆ ఒక్క పిలుపూ రాసుకుని పుస్తకం మూసేయాలనుంది. కానీ మిగతాది కూడా బాగుంది.

సత్యవేణి దేవుడి గది తుడుస్తూ పిలిచింది. నన్నే. మధ్యలో అమ్మ లేదు. "ఇలా వచ్చి చూడండి. కళ్లు లేవు" అంది.

దీపం దగ్గర పెట్టి చూశాను. కనుబొమలున్నాయి, రెప్పల గీతలున్నాయి. మధ్యలో నున్నటి ఇత్తడి. కనుపాపలు చెక్కలేదు.

"అత్తయ్యా, కళ్లు తెరవనిది అమ్మవారవుతుందా?"

అమ్మ వత్తులు చేయడం ఆపేసి కవచాన్ని ఎగాదిగా చూసింది. గుళ్లో విగ్రహానికి తొడిగాక, అర్చకులు మంత్రం చెబుతుంటే అప్పుడు కంచరి కళ్లు చెక్కుతాడట. అందరికంటే ముందు ఇది తట్టాల్సింది అమ్మకే. ఆ మాట నేను అనలేదు, నాకు ప్రాణం మీద తీపి ఉంది.

"కన్ను తెరిస్తేనే తల్లి. అందాకా ఇత్తడే" అంది అమ్మ చివరికి. మందారం తీసి వేరే పటం ముందు పెట్టింది. కాలు తగలని ఎత్తులో కట్టాలని షరతు పెట్టింది. ఆ గొట్టం ఎలాగూ మెట్టు దాటి పైకే వెళ్తుంది.

సత్యవేణి వంటింట్లోకి వెళ్తూ, "చారు కావాలా?" అని నన్ను అడిగింది. కడుపు నిండా ఉన్నా కావాలన్నాను.

మార్చి 28, ఆదివారం.

అప్పన్న మళ్లీ వచ్చాడు. కొబ్బరిచెట్ల నీడలో ఇద్దరం పనిచేశాం. ఇత్తడి గొట్టానికి తగలకూడదు, మధ్యలో గాలి ఆడాలి. అది పటాలంలో నేర్చుకున్నాను. చెవుల కింద ఇనుప ముక్కలు ఎడం పెట్టి, రివిట్లు కాల్చి కొట్టాం. నేను పట్టుకారుతో పట్టుకున్నాను, అప్పన్న కొట్టాడు. తర్వాత నేను కొట్టాను, అతను తిట్టాడు. ఇంత హాయిగా పనిచేసి చాలా కాలమైంది.

సాయంత్రం ఇంజను బాగా వేడెక్కేదాకా ఆడించి అమ్మని పిలిచాం. ఆమె అరచెయ్యి ఆనించి చూసింది. "గోరువెచ్చన" అంది.

సత్యవేణి దూరం నుంచి చూసి లోపలికి వెళ్లిపోయింది.

ఏప్రిల్ 4, ఆదివారం. ఉగాది.

ఒక వింత. పాత ఇనుప కవరు ఉన్నన్నాళ్లూ ప్రతివాడూ దాని మీద కాలేసి ఎక్కేవాడు. వద్దని అరిచి అరిచి నా గొంతు పోయేది. ఇప్పుడు అరవక్కర్లేదు. మగవాళ్లు చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని ఎక్కుతున్నారు. ఆడవాళ్లు కుచ్చెళ్లు దగ్గరికి తీసుకుని, కవచానికి దూరంగా జరిగి, ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. కళ్లు లేవు, ఇది రేకే అని చెబుతూనే ఉన్నాను. ఒక్కరూ వినరు.

ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ఒక వ్యాపారి ఒరియాలో ఏదో మొక్కుకుని మల్లెదండ వేశాడు. మూలపేట చేరేసరికి దండ వాడిపోయింది. చేపల జోగమ్మ దండం పెట్టి, ఎండుచేపల గంప సరిగ్గా మాలక్ష్మి మొహం పక్కనే పెట్టించింది. "అమ్మా, ఇది దేవత" అన్నాను. "నా సేపలు బాగోనేదేటి?" అంది. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు.

అందరూ ఎక్కుతున్నారు. సత్యవేణి మాత్రం ఎక్కలేదు. నేను అడగలేదు. వరిగడ్డి కట్ట పెరట్లోనే ఉంది.

ఏప్రిల్ 18, ఆదివారం.

జీడిమామిడి పళ్ల బుట్టలు దించి, ఇంజను ఇంకా ఆపలేదు. సత్యవేణి వాకిట్లోకి వచ్చి మెట్టు పక్కన నిలబడింది. కవచం బుగ్గ మీద అరచెయ్యి ఆనించింది, తీయలేదు. చాలాసేపు అలాగే ఉంచింది.

తర్వాత కుచ్చెళ్లు ఎడమ చేత్తో పట్టుకుని మెట్టు మీద కాలు పెట్టింది. సాయం పట్టబోయాను. "వద్దు, నేనే ఎక్కుతాను" అంది. ఎక్కింది. కూర్చుంది.

"ఎక్కడికి?" అన్నాను.

"ఎక్కడికో అక్కడికి. పోనివ్వండి."

సరుగుడు తోట చివరిదాకా, సముద్రం కనపడేదాకా తీసుకెళ్లాను. గాలికి ఆమె జుట్టు రేగిపోయింది. "ఒకటి అడుగుతాను. ఈ బండి పలాస వ్యాపారం కోసమే కొన్నారా?" అంది.

"మరి దేనికి?" అన్నాను.

"అబద్ధాలాడటం కూడా సరిగ్గా రాదు మీకు" అంది సముద్రం వైపు చూస్తూ. నేను కాదనలేదు. ఆ బిడ్డ పోయిన రోజు నుంచీ మేమిద్దరం ఆ సంగతి మాట్లాడుకోలేదు. ఈ రోజు మాట్లాడుకున్నాం. ఇద్దరం ఏడ్చాం. వచ్చేటప్పుడు ఆమె హారను కొట్టింది, దారిలో కోళ్లేమీ లేకపోయినా.

ఇంటికి రాగానే వరిగడ్డి కట్ట విప్పి ఆవుకి వేసింది.

మే 13, గురువారం. టెక్కలి.

ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. మిగతాది తర్వాత రాస్తాను.

మే 15, శనివారం. టెక్కలి.

తెల్లారగట్ల నొప్పులు వచ్చాయి. బర్మా వీరుడు తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని ఇల్లంతా వెతికాడు. "మీ చేతిలోనే ఉంది" అని నొప్పుల మధ్య చెప్పింది సత్యవేణి. కవచం పక్క నుంచి, నా భుజం పట్టుకుని, జాగ్రత్తగా ఎక్కింది. అమ్మ వెనక కూర్చుని స్తోత్రాలు మొదలెట్టింది. పోతురాజు వెనక్కి వేలాడుతూ దారిలో ప్రతి మేకనీ పేరు పెట్టి తిట్టాడు.

బెండి దాటాక ఆ ఇసుక వచ్చింది. ఇద్దరికీ తెలుసు. సత్యవేణి నా చొక్కా పట్టుకుంది. నాలుగు చక్రాలకీ గేరు వేశాను. మాలక్ష్మి గట్టిగా మూలిగింది, పక్కకి జారింది, ఆగలేదు. జీడితోట దాటి గట్టి నేల తగిలాక చూస్తే నా చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది. అమ్మ స్తోత్రం మధ్యలో ఆపేసి, "త్రినాథా, బతికించావురా" అంది. మా అమ్మ నన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి.

ఆసుపత్రి వరండాలో పిల్ల ఏడుపు వినపడగానే పోతురాజు నా కంటే ముందు ఏడ్చాడు.

మే 23, ఆదివారం. వజ్రపుకొత్తూరు.

ఇంటికి వచ్చేశాం.

టెక్కలి నుంచి నేను ఎంత నెమ్మదిగా తోలానంటే, పోతురాజు మధ్యలో దిగి నడుస్తూ వచ్చాడు. సత్యవేణి ఒళ్లో పిల్ల నిద్రపోతోంది. ప్రతి గుంత ముందూ ఆగి, చూసి, పక్కకి తిప్పి దాటించాను. బెండి దాటి ఇసుక దారిలోకి వచ్చాక వెనక నుంచి గంటల చప్పుడు వినిపించింది. సోములు. బండి నిండా కొబ్బరికాయలు. ఎడ్లు తలలూపుకుంటూ మా పక్కనుంచి దాటిపోయాయి.

"జీపుకి జొరమొచ్చినాదేటి బాబూ? తాడు కట్టి లాగమంటారేటి?" అన్నాడు సోములు వెనక్కి తిరిగి.

పోతురాజు నవ్వాడు. అమ్మ నవ్వింది. సత్యవేణి పిల్ల కదలకుండా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, కానీ బండిని ఇంకా నెమ్మదిగానే పోనిచ్చాను. సోములు బండి మా ముందు ఇసుకలో ఊగుతూ వెళ్తోంది.

సత్యవేణి నవ్వు ఆగిపోయింది. ఆ బండి వెనక చెక్క వైపు చూస్తోంది. పిల్లని గుండెకి దగ్గరగా తీసుకుంది.

"ఈ దారిలో ఆ బండి వెనకాల నేను వెళ్లనండీ. దాటించండి" అంది.

దాటించాను. పిల్ల నిద్ర లేవలేదు.